ముందు వైరు చూడు

మా ఆయన నుదుటి మీద ఎప్పుడూ ఒక భూతద్దం ఉంటుంది. రబ్బరు పట్టీతో తలకి బిగించుకుంటారు. పని ఉంటే కంటి మీదికి దించుకుంటారు, లేకపోతే పైకి తోస్తారు, అంతేగాని తలమీంచి తీసే ప్రసక్తి లేదు. భోజనానికి కూర్చున్నా అదే వేషం. ఒకసారి స్నానాల గదిలోంచి కూడా దానితోనే బయటికొచ్చారు. "స్నానానికైనా అద్దం తియ్యరా?" అని అడిగితే, "అయ్యో, స్నానం చేశానా?" అన్నారు. ఆ మనిషితో నేను పందొమ్మిదేళ్ళుగా కాపురం చేస్తున్నాను. నాకు ముక్కు మీద కోపమని మావాళ్ళంటారు గానీ, నా స్థానంలో ఎవరున్నా వాళ్ళ ముక్కు మీదా అదే ఉండేది.

ఆయన పని టీవీకి తగిలించి ఆడుకునే డబ్బాలు బాగుచేయడం. వాటిని గేమింగ్ కన్సోళ్ళంటారు. మా వీధిలో అంత మాట ఎవరికీ నోరు తిరగక డబ్బా అనేశారు, ఆయన్ని డబ్బా డాక్టరనేశారు. డబ్బా విప్పగానే లోపలి దుమ్మంతా బ్రష్షుతో దులిపి, కాగితంలో పొట్లం కట్టి, బాగుచేసిన డబ్బాతో పాటు ఆ పొట్లం కూడా చేతికిచ్చేస్తారు. "ఇది మీ ఇంటి దుమ్మండీ. నాకెందుకు?" అంటారు. కొందరు నవ్వుతారు, కొందరికి ఒళ్ళు మండిపోతుంది. ఒకావిడైతే ఆ పొట్లం తీసుకెళ్ళి మొగుడి కంచం పక్కన పెట్టిందట. ఆ మొగుడు మళ్ళీ మా కొట్టు గడప తొక్కలేదు.

ఆయన బల్లకి ఎదురుగా గోడ మీద ఒక కాగితం ఉంటుంది. లావు అక్షరాలతో 'ముందు వైరు చూడు' అని ఆయనే రాసి అంటించారు. ఎంత పెద్ద జబ్బని తెచ్చినా సరే, స్క్రూడ్రైవర్ ముట్టుకునే ముందు వైరు రెండు కొసలూ చూడాలి. పదింటిలో మూడు డబ్బాలు అసలు పాడవవు, వైరు ఊడి ఉంటుంది. అలా తెచ్చినవాళ్ళ దగ్గర పైసా పుచ్చుకోకపోగా, స్టూలు మీద కూర్చోబెట్టి వైరు ఎలా పెట్టాలో అరగంట పాఠం చెప్తారు. వాళ్ళు గుడ్లప్పగించి వింటారు, పాపం.

ఇక మా తమ్ముడు. చదువబ్బక ఊరికే తిరుగుతుంటే నేనే తీసుకొచ్చి మా ఆయన పక్కన కూర్చోబెట్టాను. టంకం పెట్టడం దగ్గర్నుంచి అన్నీ ఆయనే నేర్పారు. నాలుగేళ్ళు బుద్ధిగా నేర్చుకున్నాడు. ఐదో ఏట వాడి కన్ను కంప్యూటర్ల మీద పడింది. అందులోనూ గ్రాఫిక్స్ కార్డంటే చెవి కోసుకుంటాడు. ఇటుక సైజులో, మూడు ఫ్యాన్లతో ఉంటుంది ఆ కార్డు. తెర మీద కనిపించే బొమ్మంతా గీసేది అదేనట. "బావా, నేను కంప్యూటర్లు తయారుచేసి అమ్ముతాను" అన్న రోజున మా ఆయన ఏమీ అనలేదు. మర్నాడు ఒక ప్లైవుడ్ చెక్క తెచ్చి కొట్టు మధ్యలో నిలబెట్టారు. ఎడమవైపు ఆయన, కుడివైపు మా తమ్ముడు. చెక్క కొసన, వీధి వైపు, నేను. ఇద్దరి ఫోన్లూ నేనే ఎత్తుతాను, ఇద్దరి దుమ్మూ నేనే తుడుస్తాను, ఇద్దరి వాదనా నేనే వింటాను. పదకొండేళ్ళయింది.

వాదన ఎప్పుడూ ఒకటే. బొమ్మ గీయడంలో డబ్బా గొప్పా, కార్డు గొప్పా?

"నీ డబ్బా సెకనుకి పదీ పన్నెండు లక్షల కోట్ల లెక్కలు చేస్తుంది బావా. నా కార్డు నలభై లక్షల కోట్లు చేస్తుంది. ఇంక మాట్లాడేదేముంది?" అని చెక్క అవతల్నించి వీడు.

"లెక్కలెన్ని చేస్తే ఏంరా? ప్రపంచంలో ఈ డబ్బాలన్నీ ఒకటే. ఆట తయారుచేసేవాడు కొలతలు తీసి కుట్టినట్టు దీనికి సరిగ్గా కుడతాడు. నీ కంప్యూటర్లు ఇంటికో రకం. ఎవడి కొలతలని తీస్తాడు?" అని ఇవతల్నించి ఆయన.

"నీ డబ్బా సగం బొమ్మ గీసి మిగతా సగం ఊహించేస్తుంది!"

"నీ కార్డు ఊహించదా? పైగా దాని ఒక్కదానికే కావాల్సిన కరెంటుతో నా డబ్బా, టీవీ రెండూ నడుస్తాయి. అది కార్డా, పొయ్యా?"

పొద్దున్న కొట్టు తీసిన దగ్గర్నుంచి నా చెవుల దగ్గర ఇదే జోరీగ. వినీ వినీ నాకు కూడా అన్నీ వచ్చేశాయి. ఇద్దరిలో ఎవరైనా బయటికెళితే వాళ్ళ తరఫున నేను వాదించగలను.

కానీ ఒక సంగతి చెప్పాలి. మా తమ్ముడి దగ్గరికి చచ్చిపోయిన కార్డులు వస్తుంటాయి. వాటికి గోరంత జాగాలో టంకం పెట్టాలి. ఆ పని మా ఆయన చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యీ చెయ్యలేదు, తమ్ముడికి అది తెలుసు. కానీ నోరు తెరిచి అడగడు. కార్డు తెచ్చి నా ముందు పెట్టి, "అక్కా, ఇది ఇక్కడ ఉండనీ" అంటాడు. నేను దాన్ని చెక్కకి ఇవతల పెడతాను. మర్నాటికి బాగైపోయి నా ముందు ఉంటుంది. ఎవరూ ఏమీ అనరు. అలాగే, తమ్ముడు కొత్త కంప్యూటర్ తయారుచేసినప్పుడల్లా దాన్ని కావాలని మా ఆయనకి కనబడేలా ముందుకు జరిపి పెడతాడు. ఆయన ఓరకంట చూస్తారు, "ఊఁ" అంటారు, అంతే. నేర్పిన మనిషి ఒక్కసారి 'బాగుందిరా' అంటే వాడి ప్రాణం లేచొస్తుందని నాకు తెలుసు. మా ఆయనతో ఎన్నోసార్లు చెప్పాను. "బాగుంటే అంటాగా" అంటారు. ఇలాంటి మనిషికి ఎవరు మాత్రం ఏం చెప్తారు?

ఇలా ఉండగా ఒకరోజు బస్సు డ్రైవరు గారొచ్చారు. మా వీధిలోంచి వెళ్ళే బస్సు ఆయనదే. రోజంతా బస్సు నడిపి, ఇంటికెళ్ళి టీవీలో కారు నడుపుతారట. "డబ్బా కొనమంటారా, కార్డున్న కంప్యూటర్ కొనమంటారా?" అని అమాయకంగా అడిగారు. ఆ ప్రశ్న మా కొట్టులో అడక్కూడదని ఆయనకేం తెలుసు? వీళ్ళిద్దరూ చెరోవైపు నుంచీ అందుకున్నారు. గంటసేపు ఆయన మొహం అటూ ఇటూ తిప్పీ తిప్పీ, చివరికి మెడ పట్టుకొని లేచారు. "బాబూ, మీలో మీరు తేల్చుకొని నాకు ఫోన్ చెయ్యండి" అని వెళ్ళిపోయారు.

"నీవల్లే పోయాడు!" అని తమ్ముడు ఒంటికాలి మీద లేచాడు.

"నావల్లా? నీ లక్షల కోట్లు విని పారిపోయాడు!" అన్నారు మా ఆయన.

మాటకి మాట పెరిగింది. "కొత్తది చూసే కళ్ళు నీకు లేవు బావా" అన్నాడు వీడు. అది ఆయనకి ఎక్కడో తగిలింది. భూతద్దం పైకి తోసి, "అయితే తాడో పేడో తేలిపోవాలి. ఆదివారం పొద్దున్న, ఒకే ఆట, రెండు టీవీలు, నలుగురి ముందు. ఓడినవాడు తన వైపు ఖాళీ చేసి వెళ్ళిపోవాలి" అన్నారు. "సరే" అన్నాడు వీడు. నేను అరిచాను, తిట్టాను, టీ ఇవ్వనన్నాను. ఇద్దరూ పంతం పట్టి కూర్చున్నారు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. ఎవరు ఓడినా వెళ్ళేది నావాళ్ళే కదా.

ఆదివారం వచ్చింది. నలుగురొస్తున్నారు కదా అని పొద్దున్నే నేను కొట్టంతా తుడిచాను. టీవీల వెనకా, డబ్బా వెనకా, కంప్యూటర్ వెనకా వైర్లన్నీ తీసి, తడిగుడ్డతో, పొడిగుడ్డతో తుడిచి, ఎక్కడి వైర్లు అక్కడ పెట్టాను. ఎక్కడివక్కడే పెట్టాననే అనుకున్నాను. ఆ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

తీర్పు చెప్పడానికి ఎదురు వరసలోని కళ్ళజోళ్ళ కొట్టావిడని పిలిచాం. బొమ్మ బాగుందో లేదో ఆవిడ కన్నా బాగా ఎవరు చెప్తారు? పైగా ఆవిడకి డబ్బా ఏదో కార్డేదో తెలీదు. డ్రైవరు గారు కూడా వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. ఆట, వానలో కార్ల పందెం. ఎడమ టీవీలో మా ఆయన డబ్బా, కుడి టీవీలో మా తమ్ముడి కంప్యూటర్. ముందురోజు సాయంత్రం ఆ కంప్యూటర్ మీద వాడు అదే ఆట ఆడి చూసుకొని, ఈలలు వేసుకుంటూ ఇంటికెళ్ళాడు. ఇవాళ ఆటలో బొమ్మకి పెట్టుకునే సోకులన్నీ పైకి పెంచి, చేటంత మొహం చేసుకొని మీట నొక్కాడు.

ఎడమ టీవీలో కారు జుయ్యిమని పోయింది. రోడ్డు మీద నీళ్ళు చిమ్మాయి, దీపాలు నీళ్ళల్లో మెరిశాయి. కుడి టీవీలో కారు కదిలి ఆగింది. మళ్ళీ కదిలి ఆగింది. వాన చినుకులు గాల్లో వేలాడుతున్నాయి.

"కుడివైపు కారు అడుగడుక్కీ ఊపిరి పీల్చుకుంటోందేమిటి?" అంది కళ్ళజోళ్ళావిడ.

"క్లచ్చి పోయిందండీ" అన్నారు డ్రైవరు గారు, అనుభవం మీద.

అందరూ గొల్లుమన్నారు. తమ్ముడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఏదో అప్‌డేట్... వోల్టేజీ..." అని నీళ్ళు నమిలాడు. ఇంకెవరి కంప్యూటరైనా అయితే వాడు క్షణంలో రోగం పట్టేసేవాడే. నలుగురిలో తల కొట్టేసినట్టయ్యేసరికి వాడికి చూపు ఆనలేదు. తటాలున కంప్యూటర్ కట్టేశాడు. మా ఆయన ఊరుకున్నారా? ముందే కట్టి పెట్టుకున్న పొట్లం ఒకటి జేబులోంచి తీసి వాడి బల్ల మీద పెట్టారు. "ఇదిగోరా, నీ కార్డు దుమ్ము" అన్నారు. మళ్ళీ అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. తమ్ముడు ఆ పొట్లం వంక చూసి, జేబులో వేసుకొని, "రేపొచ్చి సామాను తీసుకెళ్తానక్కా" అని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం, ఇంటి నుంచి తెచ్చిన టీవీ మళ్ళీ ఇంటికి చేర్చడానికి మా ఆయన వైర్లు తీస్తున్నారు. కంప్యూటర్ వెనక్కి వంగినవారు వంగినట్టే ఉండిపోయారు. "నడుం పట్టేసిందా?" అన్నాను. కాసేపటికి లేచి నా వంక అదోలా చూశారు. గోడ మీద కాగితం వంక చూశారు. టీవీ అక్కడే వదిలేసి ఇంటికొచ్చేశారు. భోజనం ముట్టుకోలేదు. భూతద్దం తీసి పక్కన పెట్టారు! అది చూసి నాకు భయం వేసింది. గెలిచిన మనిషికి ఈ రోగమేమిటి, బావమరిది పోతున్నాడని దిగులేమో అనుకున్నాను. "మరి పందెం ఎవడు కట్టమన్నాడు?" అని తిట్టిపోశాను కూడా. కుక్కిన పేనులా పడున్నారు.

మర్నాడు పొద్దున్న మేం వెళ్ళేసరికి తమ్ముడు అట్టపెట్టెల్లో సామాను సర్దుతున్నాడు. సగం అరలు ఖాళీ.

"ఆగరా" అన్నారు మా ఆయన. "నిన్న నీ కార్డు ఆడలేదు."

"తెలుసులే బావా. అందరూ చూశారుగా" అన్నాడు, తలెత్తకుండానే.

"అది కాదురా. అసలు దానితో ఆడించనేలేదు. టీవీ వైరు పై కన్నంలో ఉంది."

తమ్ముడి చేతిలో పెట్టె ఆగిపోయింది. ఇక్కడ మీకు ఒక ముక్క చెప్పాలి. కంప్యూటర్ వెనక అచ్చం ఒకేలా ఉండే కన్నాలు రెండుంటాయి. కిందది కార్డుది. పైది కంప్యూటర్ సొంతానిది. కార్డు లేనివాళ్ళకి ఏదో చిన్నా చితకా బొమ్మ చూపించడానికి పెట్టిన కన్నం అది. వైరు అందులో పెడితే, మూడు ఫ్యాన్ల కార్డు ఎంత ఘనమైనదైనా లోపల ఊరికే కూర్చుంటుంది. గీసేదంతా ఆ చిన్నదే. పదకొండేళ్ళుగా వాదించుకున్న పోటీ జరగనే లేదన్నమాట.

తమ్ముడు గబగబా వెనక్కి వెళ్ళి చూశాడు. వైరు ఇంకా అక్కడే ఉంది. "ఎవరు పెట్టారు?" అన్నాడు.

"నేనే" అన్నారు మా ఆయన.

"నువ్వా? ఎప్పుడు?"

"నిన్న పొద్దున్న... సర్దుతూ."

"నువ్వు పొరపాటున పై కన్నంలో పెట్టావా? చీకట్లో తడిమి ఏ వైరో చెప్పేవాడివి!" తమ్ముడు వైరు వదిలేసి లేచాడు. "కావాలనే పెట్టావా బావా?"

ఆయన నేల వంక చూస్తున్నారు.

"పదకొండేళ్ళు బావా. చేసిన ప్రతి కంప్యూటరూ నీ ముందుకు తోశాను. ఒక్కసారి బాగుందిరా అంటావేమోనని. ఆ మాట అనకపోతే పోనీ, నలుగురిలో నవ్వించావు. దుమ్ము పొట్లం ఇచ్చావు. గెలవడం కోసం ఇంత పని చేస్తావా?"

అప్పుడు వెలిగింది నాకు. ఆ కంప్యూటర్ వెనక చెయ్యి పెట్టింది నేను. వంగలేక, చేతికి ముందు అందిన కన్నంలో వైరు కుక్కింది నేను. అది ఈయనకి నిన్న సాయంత్రమే తెలిసిపోయింది. అక్క మొగుడి వైపు మొగ్గి తనని ముంచిందని తమ్ముడు అనుకుంటాడేమోనని, నా తప్పు నెత్తిన వేసుకొని దొంగలా నిలబడ్డారు. పందొమ్మిదేళ్ళలో నాకు పూలూ పళ్ళూ తెచ్చిన మనిషి కాదు. దుమ్ము పొట్లాల మనిషి. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, వాటితో పాటే అరికాలి మంట నెత్తికెక్కింది.

"నోర్ముయ్యరా!" అని తమ్ముడి మీద అరిచాను. "ఆ వైరు పెట్టింది ఆయన కాదు, నేను! తుడిచి పెట్టాను. నాకేం తెలుసు రెండు కన్నాలుంటాయని?"

ఇద్దరూ నా వైపు తిరిగారు. తర్వాత ఇద్దరూ ఒకేసారి చెయ్యెత్తి, గోడ మీద కాగితం వైపు చూపించి, ఒక్క గొంతుతో, "ముందు వైరు చూడాలని తెలీదూ?" అని నా మీద పడ్డారు. పదకొండేళ్ళలో వాళ్ళిద్దరూ ఒక్క మాట మీద నిలబడటం అదే మొదటిసారి.

"నేను సరే! మీరిద్దరూ చూశారా?" అన్నాను. "ఒకరు ఆ కాగితం రాసిన ఆయన. ఇంకొకడు దాని కింద నాలుగేళ్ళు కూర్చున్నవాడు. ఒక్కడైనా వంగి చూశాడా? గెలుపూ ఓటమీ తప్ప కళ్ళకి ఇంకేమైనా ఆనిందా మీకు?"

తమ్ముడు వంగి, వైరు తీసి, కింది కన్నంలో పెట్టాడు. ఆట మొదలుపెట్టాడు. ఈసారి కారు నీళ్ళ మీద నడిచినట్టు పోయింది. మా ఆయన చూస్తూ చూస్తూ టీవీ దగ్గరికి జరిగారు. ఇంకా జరిగారు. ఆట ఆపమని సైగ చేసి, భూతద్దం కంటి మీదికి దించి, తెరకి ముక్కు ఆనించారు. కారు మూత మీద ఒక వాన చినుకు ఉంది. ఆ చినుకులో వీధి దీపం ఉంది. దాన్నే చాలాసేపు చూశారు.

"బాగుందిరా" అన్నారు.

తమ్ముడు చప్పున అటు తిరిగి స్క్రూడ్రైవర్ వెతకడం మొదలుపెట్టాడు. స్క్రూడ్రైవర్ వాడి చేతిలోనే ఉంది. ఎంతసేపు వెతికాడో, భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"మరి కరెంటెంత తాగుతోంది?" అన్నారు మా ఆయన. ఆ మాట అనకపోతే ఆయన ఆయనే కాదు. అని, తన బల్ల దగ్గరికెళ్ళి, బ్రష్షులు ఒక్కొక్కటే అట్టపెట్టెలో వేయసాగారు. "మాటంటే మాటే. ఓడింది నేను. నా వైపు ఖాళీ చేస్తాను" అన్నారు.

తమ్ముడు కళ్ళు తుడుచుకొని వచ్చి, జేబులోంచి ఆ పొట్లం తీసి ఆయన చేతిలో పెట్టాడు. "ఇది నీ కొట్టు దుమ్ము బావా. నాకెందుకు?" అన్నాడు. "నువ్వు వెళ్ళిపోతే నా కార్డులకి టంకం ఎవడు పెడతాడు? అక్క పెడుతుందా, పై కన్నంలో?" ఆ వెక్కిరింతకి ఇంకో రోజైతే వాడి వీపు విమానం మోత మోగేది. ఇద్దరూ నవ్వుతుంటే ఊరుకున్నాను. తమ్ముడు ఒక అట్టపెట్టె ఎత్తి, అందులో సామానంతా మళ్ళీ అరలో సర్దాడు.

అంతలో ఫోన్ మోగింది. డ్రైవరు గారు. "నేను డబ్బానే కొనేద్దామనుకుంటున్నాను, ఒకసారి అడుగుదామని..." అన్నారు.

మా ఆయన నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నారు. "వద్దండీ! కార్డు కొనండి. నిన్న జరిగింది పొరపాటు. వాన చినుకులో దీపం కనిపిస్తోందండీ, దీపం!"

తమ్ముడు ఆయన చేతిలోంచి లాక్కున్నాడు. "ఆయన మాట వినకండి! మీ సోఫాకీ టీవీకీ ఎన్ని అడుగులు? పదా? అంత దూరం నుంచి చినుకూ కనబడదు, దీపమూ కనబడదు. మీకు డబ్బా చాలు!"

"చాలా? నలభై లక్షల కోట్ల లెక్కలురా!"

"లెక్కలెన్ని చేస్తే ఏం బావా? ఆయన కొలతలకి సరిపోవద్దూ?"

ఫోన్ ఎప్పుడో కట్టయింది. వాళ్ళు చూసుకోలేదు. నేను గుడ్డ తీసుకొని బల్లలు తుడవడం మొదలుపెట్టాను. వైర్ల జోలికి మాత్రం వెళ్ళలేదు.